కొండకు సెలవులుండాలా?

2022 ఏప్రిల్ 4న నరసరావుపేట కేంద్రంగా పల్నాడు జిల్లా ఏర్పడిన దగ్గర్నుంచి ఇక్కడి కొండల మీద మాట పెరిగింది. కోటప్పకొండ, కొండవీడు, గుత్తికొండ బిలం, ఎత్తిపోతల జలపాతం, నాగార్జునకొండ, మాచర్ల దాటాక మొదలయ్యే నల్లమల అంచు. ఒక్క జిల్లాకు ఇంతకంటే ఏం కావాలి, పన్నెండు నెలలూ జనాన్ని రప్పించొచ్చు కదా అనేవాళ్ళున్నారు. జనం వస్తారు సరే, కొండ తట్టుకోవద్దా అనేవాళ్ళూ ఉన్నారు. ఈ రెండు పక్షాలూ మా చుట్టాల్లోనే ఉన్నాయి. నరసరావుపేటలో కాలేజీలో పాఠాలు చెబుతూ, సెలవు రోజున ఆడపిల్లల్ని కొండలకు తీసుకెళ్ళే అమ్మాయి ఒకరు. అటవీశాఖలో నల్లమల అంచు బీట్లలో పనిచేసి, రిటైరయ్యాక మాచర్లలో ఉంటున్న ఆమె మేనమామ ఒకరు. వాళ్ళ వాదన వాళ్ళ నోటితోనే పెడుతున్నాను. మధ్యలో నాకు అనిపించింది కూడా చెబుతాను, దాచుకోవాల్సినంత చిన్న విషయం కాదు ఇది.

అమ్మాయి: మామయ్యా, మన జిల్లా పేరు చెబితే బయటోళ్ళకు ఏం గుర్తొస్తదో మీకు తెలుసు. ఎలక్షన్లప్పుడు గొడవలు, బాంబులు. కాస్త చదువుకున్నోళ్ళయితే బ్రహ్మనాయుడు, నాగమ్మ, కోడిపందెం. కొండలున్నాయని, అడవి ఉందని, పొద్దున్నే నడిచి ఎక్కే దారులున్నాయని ఎవరికీ తెలియదు. మన పిల్లలకే తెలియదు. నడుద్దామంటే అరకు పోదాం మేడం అంటారు. ఆ అరకుకు రాత్రంతా రైల్లో పోవాలి. కోటప్పకొండ బస్సెక్కితే అరగంట.

మామయ్య: తెలియాలనే నేనూ అంటా. నీ నడకల పాంప్లెట్‌లో "సంవత్సరం పొడుగునా" అని రాశావే, దాని కాడే నా పేచీ. రెంటచింతల మన జిల్లాలోదేగా? ఎండలు ముదిరితే రాష్ట్రమంతా ముందు ఆ ఊరి పేరే చెప్పుకుంటది. 47 డిగ్రీలు దాటిన రోజులు చూశాం. మేలో పిల్లల్ని యాడికి ఎక్కిస్తావు?

అమ్మాయి: మిట్ట మధ్యాహ్నం ఎక్కిస్తానా? తెల్లారుజామున నాలుగింటికి కోటప్పకొండ మెట్ల కాడ ఉంటే ఎండ ముదిరేలోపు దిగొచ్చేస్తాం. ఆ వేళకు కొండ మీద గాలి ఎంత చల్లగా ఉంటదో ఫ్యాను కింద పడుకున్నోళ్ళకు తెలియదు.

మామయ్య: కోటప్పకొండ సంగతి వేరమ్మా. ఘాట్ రోడ్డుంది, లైట్లున్నాయి, నీళ్ళున్నాయి, పక్కనే జింకల పార్కు, పిల్లల రైలు. ఎవరికన్నా కళ్ళు తిరిగితే ఆటోలో వేసుకుని నరసరావుపేట ఆసుపత్రికి పోవచ్చు. అది మనుషుల కొండ. అక్కడికి రోజూ పొమ్మంటా. నేను చెప్పేది మాచర్ల అవతల అడవి గురించి. ఎండాకాలం ఆ అడవి ఎట్టా ఉంటదో నువ్వు చూశావా? ఫిబ్రవరి వచ్చేసరికి ఆకు రాలిపోయిద్ది. కింద బోద గడ్డి నడుం ఎత్తున ఎండి ఉంటది. ఒక్క బీడీ చాలు. గాలి ఎటుంటే మంట అటు పరిగెత్తిద్ది. కొండ మీద మనిషి కంటే మంటే వేగంగా ఎక్కిద్ది. 2018 మార్చిలో తమిళనాడులో ఏమైంది? తేని జిల్లా కురంగణి కాడ కొండదిగి వస్తున్న ట్రెక్కింగు పిల్లలు మంటల్లో చిక్కుకున్నారు. 20 మందికి పైగా పోయారు. నీ వయసోళ్ళే, ఆడపిల్లలే చాలామంది. ఆ వార్త చదివిన రోజు నాకు అన్నం సయించలా. ఎందుకంటే ఆ గడ్డిని నేను ఎరుగుదును.

అమ్మాయి కాసేపు మాట్లాడలేదు. కురంగణి గురించి ఆమెకూ తెలుసు. కొండలకు మనుషుల్ని తీసుకెళ్ళే ప్రతివాళ్ళకూ తెలిసి తీరాలి.

అమ్మాయి: ఒప్పుకుంటా. ఎండాకాలం అడవి లోపలికి వద్దు. మరి వానాకాలం? కొండ పచ్చబడేది అప్పుడు. వాగులు పారేది అప్పుడు. నాగార్జునసాగర్‌లో నీళ్ళు 590 అడుగులకు చేరి గేట్లెత్తితే హైదరాబాదు నుంచి, గుంటూరు నుంచి కార్లన్నీ ఇటే వస్తాయి. డ్యాం చూసి, చేపలు తిని, ఫొటో దిగి పోతారు. పక్కనున్న కొండ వైపు తలెత్తరు. వాళ్ళని ఒక రోజు ఉంచి నడిపిస్తే మాచర్లకు నాలుగు రూపాయలు వస్తాయా, రావా?

మామయ్య: వస్తాయి. కానీ జులై నుంచి సెప్టెంబరు దాకా పులుల అడవి మూస్తారు. మన కాడే కాదు, రణథంబోర్‌లో, కన్హాలో కూడా లోపలి అడవిలోకి ఆ నెలల్లో జీపులు పోనివ్వరు. వానల్లో జంతువులు జతకట్టుకునే కాలం, దారులు బురద, వాగులు ఎప్పుడు పొంగుతాయో చెప్పలేం. మనది చిన్న అడవి కాదమ్మాయ్. నాగార్జునసాగర్–శ్రీశైలం అభయారణ్యం 1978 నాటిది, 1983లో ప్రాజెక్ట్ టైగర్ కిందికి వచ్చింది. దేశంలో ఇంత పెద్ద పులుల అడవి ఇంకోటి లేదు. దాని ఈశాన్యపు కొస మన కాడ ఉంది. కొస అంటే ఎవరికీ లెక్కలేదు. రోడ్డుకు దగ్గరని అందరూ ముందు కొసనే తొక్కుతారు.

అమ్మాయి: ఎండాకాలం కాదంటారు, వానాకాలం కాదంటారు. అక్టోబరు నుంచి జనవరి. నాలుగు నెలలు. ఆ నాలుగు నెలల కోసం ఎవరు గైడు పని నేర్చుకుంటారు మామయ్యా? జపాన్‌లో ఫూజీ కొండ ఉంది. 2024 నుంచి యోషిదా దారిలో రోజుకు 4,000 మందికి మించి ఎక్కనివ్వట్లేదు, రుసుము కూడా పెట్టారు. మొదలే మూసేయడం కాకుండా లెక్క పెట్టుకుని పంపొచ్చుగా?

మామయ్య: ఆ ఫూజీ కొండ సంవత్సరం పొడుగునా ఎక్కుతారా?

అమ్మాయి: ... జులై నుంచి సెప్టెంబరు 10 దాకా.

మామయ్య: చూశావా. లెక్కా పెడుతున్నారు, మూస్తున్నారు కూడా.

నిజం చెప్పాలంటే, అడవి నాలుగు నెలలంటే ఆమెకు కోపం వచ్చింది గానీ, పల్నాడును ఒక్క కొండగా చూస్తే వచ్చిన చిక్కు అది. కొండవీడు ఉంది కదా. రెడ్డిరాజులు కొండపైన వాననీళ్ళు పట్టడానికి కట్టుకున్న పుట్టాలమ్మ, ముత్యాలమ్మ, వేదుళ్ళ చెరువులు మూడూ వానలు వెనకబట్టాక నిండి ఉంటాయి. 14వ శతాబ్దపు కోటగోడ పక్కనే నడుస్తూ పోవచ్చు, ఘాట్ రోడ్డు పుణ్యమా అని ముసలివాళ్ళు కూడా పైకి చేరుకుంటున్నారు. ఎండల్లో తెల్లారుజామున కోటప్పకొండ. వానల్లో, చలికాలంలో కొండవీడు. వానలు పోయి, గడ్డి ఎండక ముందు నల్లమల అంచు. సంవత్సరం పొడుగునా నడవాలనుకునే మనిషికి ఈ జిల్లాలో లోటు లేదు. ఏ కొండకు ఆ నెల. అన్ని నెలలూ ఒకే కొండను తొక్కాలనుకోవడం దగ్గరే తప్పు మొదలవుతుందని నా నమ్మకం. అయితే ఈ మాట ఇంతటితో తేలలేదు. మామయ్య అక్కడ ఆగకుండా ఇంకో మెట్టు పైకి పోయారు.

మామయ్య: అసలు మన పెద్దోళ్ళకు ఈ లెక్క తెలుసు. తొలి ఏకాదశికి గుత్తికొండ బిలం. కార్తీకంలో ఉసిరిచెట్టు కింద వనభోజనాలు. కార్తీక అమావాస్యకు నాగులేటి ఒడ్డున కారంపూడిలో వీరుల తిరణాల, ఐదు రోజులు. శివరాత్రికి ప్రభలు కట్టుకుని కోటప్పకొండ. తండాల వాళ్ళకు ఎత్తిపోతల తిరణాల. ఏ రోజుకు ఏ కొండో పంచాంగంలో రాసి ఉంది. ఆ రోజు పోతారు, మొక్కుతారు, తింటారు, వస్తారు. మిగతా రోజులు కొండ తన మానాన తను ఉంటది. ఇంతకంటే మంచి పద్ధతి నీ టూరిజం వాళ్ళు కనిపెట్టగలరా?

అమ్మాయి: ఈ మాట దగ్గర నేను మీతో గట్టిగా పోట్లాడాలి మామయ్యా. శివరాత్రి రోజు కోటప్పకొండకు లక్షల మంది వస్తారు. నూరడుగుల ప్రభలు, కరెంటు లైట్లు, పాటలు. చూడ్డానికి రెండు కళ్ళు చాలవు, కాదనను. తెల్లారి అదే కొండ కింద ఎంత చెత్త ఉంటదో చూశారా? లక్ష మంది ఒక్క రోజు తొక్కడం కంటే రోజుకు ముప్పై మంది నడవడం కొండకు మంచిది కాదా? అది ఒకటి. రెండోది, మీ పంచాంగంలో ఆడది కొండెక్కాలంటే మొక్కు ఉండాలి. మా అమ్మ కోటప్పకొండ ఎక్కింది మొక్కు తీర్చుకోవడానికే. పెళ్ళయ్యాక పిల్లల కోసం, పిల్లలు పుట్టాక వాళ్ళ జ్వరాల కోసం. ఊరికే ఎక్కి, బండ మీద కూర్చుని, గాలి పీల్చుకుని, ఏమీ కోరుకోకుండా దిగి రావడం ఆమెకు జీవితంలో ఒక్కసారన్నా కుదిరిందా? మీరు అడవిలో ఉద్యోగం చేశారు. మీకు రోజూ కుదిరింది.

మామయ్య: ...

అమ్మాయి: నా దగ్గరికి వచ్చే పిల్లలు ఇంటర్ నుంచి ఒక్కరే రోడ్డు దాటి ఎరగనోళ్ళు. కాలేజీ, హాస్టలు, బస్సు, ఇల్లు. కొండ సగం ఎక్కాక ఆయాసపడి కూర్చుంటారు. మళ్ళీ లేస్తారు. పైకి పోయాక అరుస్తారు మామయ్యా. ఊరికే అరుస్తారు, ఎవరూ తిట్టరని. తిరణాల రోజు వాళ్ళు అట్టా అరవగలరా? ఆ గుంపులో, ఆ తోపులాటలో చున్నీ సర్దుకోవడానికే సరిపోద్ది. నాకు కావాల్సింది తిరణాల కాని రోజులు.

ఈ మాటకు జవాబు మామయ్య దగ్గర లేదు, నా దగ్గరా లేదు. పల్నాడు గురించి రాసేవాళ్ళం వీరగాథల గురించి రాస్తాం, నాపరాయి గురించి రాస్తాం, పిడుగురాళ్ళ సున్నం బట్టీల గురించి రాస్తాం. ఇక్కడి ఆడపిల్లలు ఆరుబయట ఎక్కడ ఆడుకుంటారని ఎప్పుడైనా రాశామా? వినోదం అనేది డబ్బున్న ఊళ్ళవాళ్ళ సరదా అనుకుంటాం. 1954 నుంచి 1960 దాకా నాగార్జునకొండ లోయలో తవ్వితే ఇక్ష్వాకుల రాజధాని విజయపురి బయటపడింది. అందులో స్తూపాలు, విహారాలు మాత్రమే లేవు. జనం నాలుగు వైపులా మెట్ల మీద కూర్చుని ఆటలు చూసే రంగస్థలం కూడా ఉంది. సాగర్ నీళ్ళలో మునిగిపోకుండా దాన్ని అనుపులో తిరిగి కట్టారు. ఈ నేల మీద 1,700 ఏళ్ళ కిందట జనానికి ఆట కావాల్సి వచ్చింది. ఇప్పుడు మాత్రం ఎందుకు అక్కర్లేదు?

మామయ్య: సరే. మీ ఆడపిల్లలు నడవాలి. దానికి నేను అడ్డం కాదు. కానీ నువ్వు దారి తెరిస్తే ఆ దారిలో నువ్వొక్కదానివే రావు. నీ వెనక కాటేజీలు కట్టేవాడు వస్తాడు, మైకు పెట్టేవాడు వస్తాడు, జిప్‌లైను వేస్తానని ఇంకోడు వస్తాడు. ఎత్తిపోతలనే తీసుకో.

అమ్మాయి: ఎత్తిపోతలకేమైంది? చంద్రవంక 70 అడుగుల మీద నుంచి దూకుద్ది. ఎదురు కొండ మీద వ్యూపాయింటు కట్టారు. ముసలివాళ్ళు, పసిపిల్లల తల్లులు కూడా చూడగలుగుతున్నారు.

మామయ్య: చంద్రవంక వానవాగు. దానికి పారే నెలలున్నాయి, ఎండే నెలలున్నాయి. వచ్చినోళ్ళు నిరాశపడతారని సాగర్ కాలవ నీళ్ళు పైనుంచి వదులుతున్నారు. అంటే మనం చూస్తున్నది కాలవని. ఆయకట్టు చివర రైతు తడి కోసం రాత్రిళ్ళు తూము కాడ పడుకుంటాడు. ఇక్కడ సెల్ఫీ కోసం నీళ్ళు దూకిస్తాం.

అమ్మాయి: ఆ నీళ్ళు యాడికి పోతాయి మామయ్యా? దగ్గర్లోనే కృష్ణలో కలుస్తాయి. కింద పులిచింతల ఉంది. వృథా అనడానికి లేదు. కింద మడుగులో మొసళ్ళున్నాయి, మీ డిపార్ట్‌మెంటు వాళ్ళు పెంచినవే. మడుగు ఎండితే వాటి గతేంది?

మామయ్య: కృష్ణలో కలిస్తే కృష్ణా డెల్టాకు పోతాయి. కుడి కాలవ కింద రైతుకు వెనక్కి రావుగా. మొసళ్ళ కోసం అయితే ఆ మాట చెప్పి, మడుగుకు సరిపడా వదలండి. దానికెవరు కాదంటారు? సాసర్ పిట్లలో, అంటే అడవిలోని నీటి తొట్లలో, మేము ట్యాంకరుతో నీళ్ళు పోసేది జంతువుల కోసమేగా. ఆదివారం జనం కోసం మాత్రం వద్దు. ఎండిన వాగును జనం చూడనీ. నీళ్ళు కోసిన బండ, గుంతల్లో మిగిలిన చెమ్మ, ఆ చెమ్మ కోసం వచ్చే పిట్టలు. నువ్వు పాఠాలు చెప్పేదానివి, నీ పిల్లలకు అది చూపించు. మే నెలలో వాగు ఎందుకు ఎండిందో వాళ్ళకు తెలియాలా, వద్దా?

ఇక్కడ నేను పూర్తిగా మామయ్య వైపు. ఎండిన జలపాతం లోపం కాదు. దాన్ని లోపంగా చూడ్డం పర్యాటకులకు మనమే నేర్పించాం.

అమ్మాయి: మరి సాగర్‌లో బోట్ల సంగతి?

మామయ్య: బోటు మంచిదే. విజయపురి సౌత్ నుంచి నాగార్జునకొండకు లాంచీలో పోవడమంత హాయి ఇంకోటి లేదు. కానీ 2019 సెప్టెంబరులో గోదావరిలో కచ్చులూరు కాడ బోటు మునిగితే రాష్ట్రంలో టూరిస్టు బోట్లన్నీ ఆపేయాల్సి వచ్చింది. అంతమంది పోయాక గానీ లైఫ్‌జాకెట్లు, లైసెన్సులు గుర్తుకురాలేదు. ముందే జాగ్రత్తగా ఉంటే ఆపాల్సిన పనేముంది?

అమ్మాయి: మీరు చెప్పే జాగ్రత్తలన్నీ నాకు ఇష్టమే. కానీ జాగ్రత్త పేరు చెప్పి ఆడపిల్లల్ని ఇంట్లో కూర్చోబెట్టడం కూడా మనకు అలవాటేగా. అడవి పేరు చెప్పి కూడా అంతే చేస్తే ఎట్టా?

మామయ్య: నీకు ఒక సంగతి చెప్తా విను. వెల్దుర్తి, బొల్లాపల్లి రైతులు వరికపూడిశెల ఎత్తిపోతల పథకం కోసం ఎన్నేళ్ళు తిరిగారు? పైపు పులుల అడవిలో నుంచి పోవాలి, అనుమతులు రావాలి. 2023లో గానీ అవి రాలా. తాగునీళ్ళు, సాగునీళ్ళు అడిగిన రైతును అడవి పేరుతో అన్నేళ్ళు ఆపాం. ఆ ఆపడం అవసరమే అనుకున్నాం. రేపు అదే అడవిలో జిప్‌లైనుకు, రిసార్టుకు చిటికెలో దారిస్తే బొల్లాపల్లి రైతు మొహం ఎట్టా చూడాలి? అడవికి ఒక చట్టం అంటే అది అందరికీ ఒకటే ఉండాలి.

అమ్మాయి: నేను జిప్‌లైను అడగలేదు మామయ్యా. రిసార్టు అడగలేదు. కాలిబాట అడిగాను. గొర్రెల కాపరి నడిచే దారి, చెంచులు నడిచే దారి. దానికి ముందు ఒక చెంచు మనిషి, వెనక ఒక చెంచు మనిషి, మధ్యలో పదిహేను మంది పిల్లలు. మైకు లేదు, బిర్యానీ పొట్లం లేదు. నంద్యాల వైపు బైర్లూటి, పచ్చర్ల కాడ జంగిల్ క్యాంపుల్లో చెంచులకు పని దొరికిందిగా? మన బొల్లాపల్లి, దుర్గి గూడేల్లో పిల్లలు మాత్రం మిరపకాయల కోతకు పోతన్నారు. చెట్టు పేరు, పిట్ట కూత, పులి అడుగు, అన్నీ తెలిసినోళ్ళు కూలికి పోతన్నారు. మీ బేస్ క్యాంపుల్లో వాచర్లుగా పెట్టుకున్నారు కొందరిని. మిగతా వాళ్ళ సంగతి?

మామయ్య: ఆ మాట నిజం. నాతో బీటులో తిరిగిన చెంచు వాచరుకు తెలిసినంత అడవి నాకు తెలియదు. నేను పుస్తకంలో రాసుకున్నా, అతను చూపించాడు. అతనే గైడయితే నాకు భయం లేదు. అతను "ఇవాళ వద్దు" అంటే వెనక్కి తిరిగే జనం కావాలి. టిక్కెట్టు కొన్నాం కాబట్టి పోవాల్సిందే అనేవాళ్ళు వద్దు.

అమ్మాయి: అయితే ఆ మాటే నియమంగా పెడదాం. గైడు వద్దంటే వెనక్కి. డబ్బు వాపసు లేదు.

మామయ్య: ఆ డబ్బు ఎవరికి పోయిద్ది?

అమ్మాయి: వన సంరక్షణ సమితికి. ఊరి సంఘానికి. ఖజానాకు పోతే గూడెంలోకి తిరిగి రాదు.

మామయ్య: సమితుల్లో కూడా రాజకీయం ఉంటదమ్మా. నేను చూసినవి ఉన్నాయి.

అమ్మాయి: ఉంటది. ఖజానాలో లేదా? సమితిలో తప్పు జరిగితే గూడెంలో ఆడోళ్ళు నిలదీస్తారు. ఖజానాలో తప్పు జరిగితే ఎవరు నిలదీస్తారు? ఇంకోటి. జులై నుంచి సెప్టెంబరు దాకా మీరు మూస్తారు. ఆ మూడు నెలలు గైడు ఏం తింటాడు? మూసివేత అడవికి మేలు చేస్తే, ఆ మేలుకు అతనొక్కడే ఖర్చు ఎందుకు పెట్టుకోవాలి?

మామయ్య: మూడు నెలల కూలి ఇవ్వాలి. అది ముందే లెక్కలో వేసుకోవాలి, ధర్మంగా ఇచ్చేది కాదు. వానల్లో దారులు బాగు చేయాలి, వాగుల్లో ప్లాస్టిక్ ఏరాలి, మొక్కలు వేయాలి. పని లేక కాదు, డబ్బు లేక. టిక్కెట్లో నుంచి ఆ డబ్బు పక్కన పెడితే నాకు సమ్మతమే.

అమ్మాయి: మార్చి నుంచి జూన్?

మామయ్య: అది వదిలెయ్.

అమ్మాయి: అడవి లోపల వద్దు. ఎత్తిపోతల నుంచి రోడ్డు కనపడేంత దూరంలో, తెల్లారుజామున, మంట పాకకుండా గడ్డి కోసి ఫైర్ లైను గీసిన వైపు మాత్రమే.

మామయ్య: 2023 ఎండల్లో దుర్గి వైపు పులి వచ్చి ఆవు మీద పడింది. ఎందుకొచ్చింది? లోపల నీళ్ళు తగ్గి. ఎండాకాలం తెల్లారుజామున నీళ్ళకు దిగేది నీ పిల్లలొక్కరే కాదు. ఆ వేళ దానిది. రోడ్డు పక్కన అయినా సరే.

అమ్మాయి: ఫైర్ లైన్లు గీసే పనికయినా రానివ్వండి. జనవరిలో. మా పిల్లలు కొడవళ్ళు పట్టుకుంటారు. అడవిలో మంట ఎట్టా పాకుద్దో పుస్తకంలో చదవడం కంటే గడ్డి కోసి తెలుసుకుంటే మార్చిలో వాళ్ళే లోపలికి పోమంటారు.

మామయ్య: రానివ్వడానికి నేనిప్పుడు ఎవర్ని? రేంజరు గారికి అర్జీ పెట్టు. సంతకం నేనూ చేస్తా. ఎత్తిపోతల నీళ్ళ సంగతి రాయి, మూడు నెలల కూలి రాయి, గైడు మాటే ఆఖరి మాటని రాయి. మార్చి నుంచి జూన్ దాకా నడక మాత్రం అందులో రాయొద్దు.

అమ్మాయి: రాస్తాను మామయ్యా. దాని కింద మీ అభ్యంతరం కూడా మీ మాటల్లోనే రాస్తాను. చదివి సంతకం చేయండి.